కేక వేయని మనిషి

మా పెదనాన్న బాంగ్ మన్‌సిక్‌కు చదును నేల మీద నడవడం రాదు. సంతకు దిగినప్పుడు కూడా మోకాళ్ళు పైకెత్తి అడుగులు వేసేవాడు.

"ఏం మన్‌సిక్, రోడ్డు ఎక్కుతున్నావా?" అని సారా అమ్మే ముసలమ్మ వెక్కిరించేది.

"మీ ఊరికి ఎవరో ఇస్త్రీ చేసేశారు. కాలు ఎక్కడ ఆనించను?" అనేవాడు.

మా సెమ్‌గోల్‌లో దుంపచేలు కూడా ఏటవాలే. తవ్వేటప్పుడు జారిన దుంపను కిందింటివాళ్ళ వంటింట్లో వెతుక్కోవాలి. ఊరి వెనక తెబెక్ కొండలు దేశానికి వెన్నెముకలా సాగిపోతాయి. తూర్పున గోడలా తెగి సముద్రంలోకి దిగుతాయి. మా వైపు, పడమరకు, మడతలు మడతలుగా వాలతాయి. "శిఖరం మీద ఉమ్మితే సగం అన్నంవేళకు సముద్రంలో, సగం పదిరోజులకు సియోల్‌లో" అనేవాడు మా నాన్న మన్‌హో.

అన్నదమ్ములిద్దరూ మందుకు వాడే అడవి జిన్సెంగ్ వేర్లు వెతికేవాళ్ళు. ఆ వేరును మేం 'సిమ్' అంటాం. దానికో కట్టు ఉంది. ఆ మొక్కకు కాసే ఎర్రపళ్ళ గుత్తి కంటబడినవాడు "సిమ్ చూశా!" అని మూడుసార్లు అరవాలి. ఆ కేక విన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుండిపోవాలి. వేరంతా బయటికి వచ్చేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు. మెదిపితే కొండదేవర వేరును దాచేస్తాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండేళ్ళుగా వట్టి చేతులతో దిగుతున్న పెదనాన్న శిఖరం కింద ఆ కేక వేశాడు. ఇరవై బారల దిగువన నాన్న రాళ్ళ మధ్య కూర్చున్నాడు. పింజర పాము పిక్క మీద కాటేసింది. తలగుడ్డతో కాలు బిగించి కట్టుకుని అలాగే కూర్చున్నాడు తప్ప అరవలేదు. పైన అన్న ఒక్క పీచు కూడా తెగకుండా వేళ్ళతో మట్టి తీస్తున్నాడు. మూడు గంటలు పట్టింది.

"ఏరా, నిద్రపోయావా? చూడు, పసిబిడ్డలా ఉంది!" అంటూ దిగాడట పెదనాన్న.

"మొత్తం వచ్చిందా అన్నా?" అన్నాడట నాన్న. కాలు తొడదాకా నల్లబడింది.

అక్కణ్ణుంచి తూర్పున రేవులోని ఆస్పత్రి కప్పు కనబడుతుంది. మధ్యలో నిలువు కొండచరియ. పడమరకే దిగాలి, మూడు కనుమలు దాటాలి. పెదనాన్న తమ్ముణ్ణి వీపున మోసుకుని ఇంటికి తెచ్చాడు. చచ్చేవాణ్ణి లేపుతుందనే ఆ వేరునే కాచి అమ్మ నాన్న నోట్లో పోసింది. పెదవుల పక్కనుంచి కారిపోయింది.

పెదనాన్న కొండకు వెళ్ళడం మానలేదు, కేక మానేశాడు. కనబడితే చడీచప్పుడు లేకుండా తవ్వేవాడు. కట్టు తప్పినవాడితో ఎవరొస్తారు? నాకు ఇరవై ఏళ్ళు వచ్చాక, ఆడవాళ్ళు రాకూడదన్న కట్టు కూడా తప్పి నన్ను తీసుకెళ్ళాడు. మొక్కజొన్న ముద్ద తినేటప్పుడు సైతం కూర్చోనిచ్చేవాడు కాదు.

"నిలబడి తినవే, ఒక్దన్. కాళ్ళేం అరిగిపోవులే."

ఆయనకు డెబ్బై నాలుగేళ్ళప్పుడు, అదే వాలు మీద, నా కళ్ళకు ఎర్రపళ్ళు కనబడ్డాయి. ఆపుకునేలోపే కేక వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే పెదనాన్న రాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని.

పరుగున దిగి కర్రతో ఆయన చుట్టూ రాళ్ళ సందులన్నీ పొడిచాను.

"లే పెదనాన్నా!"

"పోయి తవ్వుకో. కట్టు."

"కట్టూ లేదు, గిట్టూ లేదు. లే!"

ఆయన లేవలేదు. నేల చూస్తూనే అన్నాడు: "ఆ రోజు రాయి దొర్లిన చప్పుడు విన్నానే. ఒక మూలుగు కూడా. తవ్వుతూనే ఉన్నాను."

ముప్పై ఏళ్ళు మోసిన మాట అది. పక్కన కూర్చున్నాను. ఆ ఒక్కసారే ఆయన నన్ను కూర్చోవద్దనలేదు. ఎర్రపళ్ళను అక్కడే వదిలి దిగిపోయాం.

ఆ చలికాలమే పోయాడు. తనను తమ్ముడి సమాధికి దిగువన పెట్టమన్నాడు. అన్నను కింద పెడతారా అని ఊరు గొణిగింది. నాన్న సమాధి నుంచి ఇరవై బారలు కిందికి కొలిచి, అక్కడే తవ్వించాను.