'వెళ్ళొస్తాను' అనే బటన్

ఈ రోజు విస్సన్నపేట వెళ్ళి, ఎస్తేరు గారి జెరాక్స్ షాపులో కంప్యూటర్‌కు లినక్స్ కొత్త వెర్షన్ వేసి వచ్చాను. పాతదానికి ఇక అప్‌డేట్లు రావని తెలిసి నేనే పట్టుబట్టాను.

ఆవిడ భర్త ప్రసాదు ఎనభైల్లో నూజివీడులో నా క్లాస్‌మేట్. ఈ లినక్స్‌ను తెలుగులోకి మార్చిన వాలంటీర్లలో వాడూ ఒకడు. కంప్యూటర్ ఆపే బటన్ మీద 'వెళ్ళొస్తాను' అని రాసింది వాడే. ఇంట్లోంచి బయల్దేరే మనిషి 'వెళ్తాను' అనకూడదు కదా, అదీ వాడి వాదన. కిందటి మామిడి సీజన్‌లో చాట్రాయి రోడ్డు మీద కాయల లారీ గుద్ది చనిపోయాడు.

పని అయ్యాక ఆవిడ మెనూ తెరిచి చాలాసేపు చూశారు.

"అన్నయ్యగారూ, ఆ మాట ఏదండీ?"

చూస్తే అక్కడ 'నిష్క్రమించు' అని ఉంది. కొత్త వెర్షన్‌లో ఎవరో సరిదిద్దారు.

"రెండిటికీ అర్థం ఒకటేనమ్మా," అన్నాను.

"ఆ రోజు నేను పెరట్లో ఉన్నానండీ. ఆయన నాకు చెప్పకుండానే బండెక్కారు. రోజూ షాపు కట్టేసేటప్పుడు ఆ మాట ఇందులో చదువుకునేదాన్ని."

వ్యాకరణం ప్రకారం కొత్త మాటలో తప్పేం లేదు, తిట్టుకుందామన్నా మనిషి దొరకడు. పాత మాటను వెనక్కి తెచ్చే దారి తెలిసినవాళ్ళుంటే కామెంట్లో చెప్పండి. ఆవిడ ఇవాళ ఆ బటన్ నొక్కలేదు. కంప్యూటర్ నడుస్తుండగానే షట్టర్ దించేశారు.