ప్లగ్ పెట్టని గిటార్

వాయించే ముందు హేమచంద్ ఎప్పుడూ ఆంప్లిఫయరు పెట్టె మీద అరచేయి ఆనిస్తాడు. అది వేడెక్కాకే తీగ మీటుతాడు. ఎన్నిస్ అనే ఐరిష్ ఊరి పబ్బుల్లో నలభై ఏళ్ళుగా రాకబిల్లీ అనే పాతకాలపు రాక్ సంగీతం వాయిస్తున్న అతని వేలికొనలు కాయలు కాచాయి. అథ్లోన్ పట్టణంలో తెలుగువాళ్ళ ఉగాది సభలో వేదికెక్కి చేయి ఆనిస్తే పెట్టె చల్లగా ఉంది.

"ప్లగ్ పెట్టలేదంకుల్," అన్నాడు నిర్వాహకుడు రోహిత్. "మీ పాత రికార్డే వేస్తాం. మీరు ఊరికే చేతులాడించండి, తప్పులు దొర్లవు. గ్రాండ్‌గా ఉంటుంది."

"నేను చచ్చాక వేసుకోరా దాన్ని!"

రోహిత్ నవ్వి రికార్డు పెట్టేశాడు. ముప్ఫయ్యేళ్ళ నాటి తన గిటార్ మోగినంతసేపూ హేమచంద్ చేతులు కట్టుకుని, జనాన్ని ఉరిమి చూస్తూ నిలబడ్డాడు. చప్పట్లకు తల వంచలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో పెట్టె వేడెక్కేదాకా అరచేయి ఆనించి, అదే పాట మొదలుపెట్టాడు. మూడుచోట్ల వేలు తడబడింది. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వాయించాడు.