నాలుగు తొట్లలో ఒకే క్షణం

పోయిన కరెంటు తిరిగొచ్చింది. మండవల్లిలో మా బాబాయి రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరగసాగాయి. అదే క్షణంలో నా ల్యాప్‌టాప్ తెర మీద నాలుగు గీతలూ కలిసి పైకి లేచాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీదికి వంగి చూశాను.

ఆ గీతలు చెరువుగట్ల మీద దూరదూరంగా నేను పెట్టుకున్న నాలుగు నల్లటి నీళ్లతొట్లవి. అంతరిక్షం నుంచి మహాశక్తితో వచ్చే కణం పైగాలిని తాకి పగిలితే, కోట్ల కణాల జల్లు ఊళ్లకు ఊళ్ల మీద పడుతుంది. అవి తొట్టిలోంచి దూసుకుపోతే చీకటి నీళ్లలో సన్నటి వెలుగు పుడుతుంది, తెర మీద గీత లేస్తుంది. అంత శక్తిగల కణం మా గట్ల మీదికి నా జీవితంలో ఒక్కసారి వచ్చినా గొప్పే. నాలుగేళ్ల పీహెచ్‌డీలో నాకు ఒక్కటి దొరికింది, పోయిన వానాకాలంలో. థీసిస్ అంతా దాని మీదే నిలబెట్టాను. తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెప్పి, ఏలూరు రైలెక్కి, ఒళ్లో పేపర్లు పెట్టుకుని రాశాను.

"ఏమ్మా, మీ పైలోకం చుట్టాలొచ్చారా?" బాబాయి నవ్వుతూ వచ్చారు.

"బాబాయ్, నా తొట్లు సోలార్ బ్యాటరీల మీదే కదా నడుస్తున్నాయి?"

"వానాకాలం ఎండ లేక ఆగిపోతుంటే వాటిని చెరువు కరెంటు లైనుకి కలిపించానమ్మా. నీకు చెబితే పిల్లల్నొదిలి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు."

"కరెంటు పోయినప్పుడు ఏరియేటర్ల స్విచ్చులు ఆపరా?"

"ఆపితే మళ్లీ ఎవరేస్తారమ్మా? గాలాడక రొయ్య తేలిపోదూ?"

మోటార్లన్నీ ఒక్కసారి తిరిగితే లైనులో పుట్టే కుదుపు నా తొట్లకూ తగులుతుంది. బాబాయి మేత లెక్కల పుస్తకంలో కరెంటు పోయిన, వచ్చిన వేళలు రాసి ఉంటాయి. వెతికాను. నా జల్లు పడిన రోజు, కరెంటు తిరిగొచ్చింది అదే నిమిషం.

నిజమైన జల్లు అయితే తొట్టికీ తొట్టికీ తాకే వేళలో రవ్వంత తేడా ఉండాలి. ఆ రోజు నాకు తేడా కనబడలేదు. నిట్టనిలువుగా పడిందని సరిపెట్టుకున్నాను. కావాలనుకున్నాను గనుక అనుమానించలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ బాబాయ్. ఎండ."

అప్పటికే ఇచ్చేసిన థీసిస్ వెనక్కి ఇవ్వమని మా గైడ్‌గారికి తిరుగు బస్సులోనే మెయిల్ పెట్టాను. పెట్టాక కిటికీ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే మా ఆడపిల్లలిద్దరికీ జడలు వేస్తూ చెప్పాను. "అమ్మకి దొరికిందన్నది దొరకలేదమ్మా. అది చెరువు మీది కరెంటు. మీ క్లాసులో ఎవరికి చెప్పారో వాళ్లకి అమ్మ పొరపాటు పడిందని చెప్పండి. మండవల్లి తాతయ్యకి మాత్రం ఎప్పుడూ చెప్పకండి."