కూలర్ గడ్డి మీద కప్ప

రంగురాళ్లు వద్దు బిడ్డా. నీ కప్ప నోట్లో పట్టేంత రాయి ఏదీ ఆ డబ్బాలో ఉండకూడదు. ఎరువు కలిపిన మట్టీ వద్దు, రంపపు పొట్టూ వద్దు. కొబ్బరి పొట్టు నానబెట్టి, బాగా కడిగి, పిడికిట్లో పిండితే నీళ్లు కారనంత తడిగా పరుచు. నానమ్మకు ఇవన్నీ ఎట్లా తెలుసని నవ్వుతున్నావు కదా, చెప్తాను. తమ్ముణ్ణి కూడా ఫోన్ దగ్గరికి పిలువు.

మీ తాత ఆబిడ్స్‌లో ఒక బట్టల కొట్లో పనిచేసేవారు, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి. ఆ కొట్టు మూతపడింది. ఆ రోజు ఇంటికొచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచారు, నెలల తరబడి మళ్లీ వాటిని తొడగలేదు. అన్నం పెడితే తినేవారు, పిలిస్తే తల తిప్పేవారు. మాట మాత్రం రాలేదు.

వానాకాలంలో నాంపల్లి ఇంట్లో కూలర్‌ను ఒక మూలకు జరిపేస్తాం. దాని అడుగున నిలిచిన నీళ్లు పారబోద్దామని పక్క పలక తీశాను. లోపల గరుకు వీపుతో ఒక గోండ్రుకప్ప కూర్చుని ఉంది. చీపురు అందుకున్నాను.

“ఆగవే! జర ఆగు! అది నీకేం చేసింది?”

ఎన్ని నెలలకు విన్నానో మీ తాత గొంతు.

“ఏం చెయ్యలే. కిరాయి కూడా ఇయ్యలే,” అన్నాను.

“నాకు మాత్రం జీతం ఉందా? ఇద్దరం ఒక్కతీరే ఉన్నం. ఉండనియ్యి.”

పాత ప్లాస్టిక్ టబ్‌లో దానికి ఇల్లు పెట్టారు. ఎండాకాలంలో మనుషుల ప్రాణం నిలిపేది కూలర్ గడ్డే అని ఆయన నమ్మకం. చెక్కను సన్నగా చీరి చేసిన ఆ గడ్డి నీళ్లు పట్టుకుంటుంది, చల్లగా ఉంటుంది. అందుకే చెప్పులు తొడుక్కుని అఫ్జల్‌గంజ్ దాకా పోయి కొత్త కట్ట తెచ్చారు. గల్లీలో ఎవరో “వానల్ల కూలర్ గడ్డేంది పెద్దాయనా?” అని అడిగితే, “ఇంటికి చుట్టం వచ్చిండు” అన్నారట.

సాయంత్రాలు బొద్దింకల్ని పట్టి అందులో వదిలేవారు. పక్కన కూర్చుని దానికి కొట్టు ముచ్చట్లు చెప్పేవారు. నేను వంటింట్లోంచి వినేదాన్ని. నాతో కాకపోయినా ఇంట్లో ఒక గొంతు ఉండేది. చీపురు ఎత్తిన చేత్తోనే దీపం పెట్టి, ఆ కప్ప బతకాలని దేవుణ్ణి అడిగాను.

బొద్దింక మీద నాలుక విసిరినప్పుడల్లా గడ్డి పోచలు కూడా దాని నోట్లోకి పోయాయి. మాకు తెలియలేదు. పొట్ట ఎర్రబడింది, తర్వాత ఉబ్బింది. తిండి మానేసింది. దానికి వేడి చేసిందనుకుని ఆయన గడ్డి ఇంకా వేశారు, ఇంకా తడిపారు. చివరికి తువ్వాల్లో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాం. డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసింది.

“కింద ఏం ఏసిన్రు?”

“కూలర్ గడ్డి, మేడమ్. కొత్తదే. చల్లగుంటదని.”

“అయ్యో పెద్దాయనా! మింగేసింది. ఆ చెక్క ఘాటు దాని తోలుకు పడదు. కడిగిన కొబ్బరి పొట్టు ఏస్తే సరిపోతుండె.”

ఇంటికి చేరకముందే, ఆటోలోనే, తువ్వాలు కదలడం ఆగిపోయింది.

మరునాడు ఆయన బేగం బజార్ పోయి కొబ్బరి పొట్టు తెచ్చారు. నానబెట్టారు. నీళ్లు తేటపడే దాకా కడిగారు. ఖాళీ టబ్‌లో చదునుగా పరిచారు. ఆ తర్వాత చెప్పులు గుమ్మం బయటే ఉండిపోయాయి. మాట మళ్లీ పోయింది. రోజూ పొద్దున లేవగానే టబ్ దగ్గర కూర్చుని, గుప్పెడు పొట్టు తీసి పిండి, ఆరితే నీళ్లు చల్లేవారు.

ఇంకో కప్ప రాలేదు. తెచ్చుకుందామని ఆయన అననూ లేదు. చలికాలం వెళ్లింది, దాని వెనకే ఆయనా వెళ్లిపోయారు. ఆ రోజు కూడా నేను చెయ్యి పెట్టి చూస్తే పొట్టు తడిగానే ఉంది.

ఆయన ఉండగా ఒక్కసారి పక్కన కూర్చుని అడిగాను. ఆయన ఇంకో గుప్పెడు పొట్టు తీసి పిండి, మళ్లీ చదును చేశారు.

“గిది ఎవరికోసం పరుస్తున్నరు?”