గోడ పొంటి పన్నెండు మంది

భోజన్న లెక్కలో ఆ ఊళ్లో ఎవరూ చనిపోలేదు. పాడె కట్టేవాళ్లలో తానూ ఉండేవాడు. మూడో నాడు పిట్టకు ముద్ద పెట్టేటప్పుడూ ఉండేవాడు. నాలుగో నాడు మాత్రం పోయిన మనిషి ఇంటి ముందు ఆగి, "రాం రాం, ఎట్లున్నవే?" అని పలకరించి, జవాబు విని, తల ఊపి ముందుకు సాగేవాడు.

సందులో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి గోడకు ఒదిగి ఎవరికో దారి ఇచ్చేవాడు. వెనక వచ్చేవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఎందుకైనా మంచిదని తామూ ఒదిగేవాళ్లు. బోధన్ అంగడికి బండి కడితే ఒక మనిషికి చోటు వదిలి కూర్చునేవాడు.

"జరగరాదే భోజన్నా, గంత జాగ ఉన్నది గద!"

"ఆడ బాలన్న కూసున్నడు. నీ మోకాలు ఆయన ఒళ్లె పెట్టినవ్."

బాలన్న పోయి పదేళ్లు. ఆ మోకాలు మాత్రం బోధన్ దాకా చల్లగా ఉండేది.

పట్వారీ బాపురావుకు ఇదంతా నవ్వులాటగానే ఉండేది, మూడేళ్ల కింద భార్య శంకరమ్మ పోయేదాకా. ఆ తర్వాత భోజన్న ఎదురొస్తే సందు మార్చేవాడు. ఆమె ఏదో అన్నదని చెబుతాడేమోనని ఒక భయం. ఏమీ అనలేదంటాడేమోనని ఇంకో భయం.

పట్వారీ దఫ్తరంలో కూడా పోయినవాళ్లు బతికే ఉండడం భోజన్న చలవే. ఇంటి యజమాని పోతే అతని పేరు కొట్టేసి వారసుడి పేరు ఎక్కించాలి. విరాసత్ అంటారు దాన్ని. బాపురావు కలం తీయగానే భోజన్న వచ్చి కూర్చునేవాడు.

"గీత కొడ్తవా పంతులూ? కొట్టు. గని మనిషి నీ ముందర కూసొని ఉండంగ పేరు కొట్టుడు మంచిగుంటదా?"

బాపురావు ఎదురుగా ఉన్న ఖాళీ చాపను ఓసారి చూసి కలం పక్కన పెట్టేవాడు. రేపు చూద్దాంలే అనుకునేవాడు. శంకరమ్మ పేరు దగ్గరికి వచ్చాక, భోజన్న వచ్చి ఆపవలసిన పని కూడా లేకపోయింది.

అవి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేస్తున్న రోజులు. నిజామాబాద్ దిక్కు నుంచి రైలు పట్టా వస్తున్నది. ఊరికి స్టేషన్ ఇస్తామంటే అందరూ సంతోషించారు. తీరా సర్వేవాళ్లు నాటిన ఎర్ర జెండాలు పడమటి వాడలో పన్నెండిళ్ల మీదుగా పోయాయి. ఫర్లాంగు అవతల దేశ్‌ముఖ్ దొర చెరుకు మడి ఉంది, చదునుగా, ఒక్క గోడ లేకుండా. జెండాలు ఆ మడి గట్టు దాకా వచ్చి మర్యాదగా పక్కకు తిరిగాయి.

ఊరి అభిప్రాయం రాసుకోవడానికి రైల్వే ఇంజినీరు వచ్చాడు. హైదరాబాద్ మనిషి, కాయిదా పుస్తకంలో రాసిన రూలు దాటని మనిషి. చావడి నిండా జనం. ముందు వరసలో దొర గుమాస్తా రాజలింగు మీసం మీద చెయ్యేసుకుని, ఎవరి నోరు కదులుతుందా అని చూస్తున్నాడు. ఆడవాళ్లు చావడి మెట్లెక్కరాదు; తడక చాటున నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. పోయినేడు దొరకు ఎదురుచెప్పినవాణ్ణి ఆయన కోట లాంటి గడి ముందు వీపు మీద బండ పెట్టి ఎండలో వంచడం అందరూ చూశారు.

"ఎవ్వరికీ ఎత్‌రాజ్ లేదు, అందరు ఒప్పుకున్నరని రాయాల్నా?" అన్నాడు ఇంజినీరు. "పట్వారీ, దఫ్తరం తియ్యి. ఇంటి మాలికులను పేరు పేరున పిలువు. మాలికుల మాటే రాస్త. ఇంకొకల మాట రాయను."

బాపురావు దఫ్తరం విప్పి ఆగిపోయాడు. దఫ్తరంలో ఆ పన్నెండిళ్ల మాలికులు పన్నెండు మందీ చనిపోయినవాళ్లే.

"పిలువు!"

"బా... బాలన్న."

"ఉన్నడు సాబ్," అన్నాడు వెనక నుంచి భోజన్న. "అందరు వచ్చిన్రు. గోడ పొంటి నిలబడ్డరు."

పసుపు ఉడికే కాలం. కళ్లాల నుంచి వచ్చిన ఆవిరి చావడిలో పొగమంచులా నిలిచింది. గోడ పక్కన కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఇవతలికి జరిగారు. పన్నెండు మంది పట్టేంత చోటు ఖాళీ అయింది. వాకిట్లో కుక్క ఒకటి ఆ ఖాళీని చూసి తోక ఊపింది.

భోజన్న అటు చెవి పెట్టి విన్నాడు. "బాలన్న అంటున్నడు సాబ్: బతికున్నప్పుడే నాకు చెవులు ఇనబడవ్, రైలు కూతతోని నాకేం తక్లీఫ్ లేదు. గని ఇల్లు పోతే మా ముసల్ది భూమవ్వ గుండె పలిగి సక్కగ నా తానికే వస్తది. పదేండ్లసంది నిమ్మళంగ ఉన్న. ఇంకో పదేండ్లు గిట్లనే ఉండనియ్యున్రి."

తడక అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. రాజలింగు దిగ్గున లేచాడు.

"ఏందిర భోజిగా, తమాషనా? సచ్చినోళ్లు మాట్లాడుడేంది?"

"గట్ల అనకు రాజలింగన్నా. మీ బాపు సుత వచ్చిండు. ఇల్లు పొయ్యేటోళ్లల్ల లేడు గని, నిన్ను సూసిపోదామని వచ్చిండట. నీ ఎనకనే ఉన్నడు."

రాజలింగు వెనక్కి తిరగలేదు. కూర్చోనూ లేదు. కూర్చుంటే ఎవరి ఒళ్లో పడతాడో తెలియక, ఇంజినీరు వెళ్లేదాకా నిలబడే ఉన్నాడు.

బాపురావు పేర్లు చదివాడు. భోజన్న మాటలు అప్పజెప్పాడు. బావి పూడితే నీళ్లకు దొర బావి దగ్గర దేబిరించాలని ఒకరు, పసుపు ఆరబోసే జాగ పోతుందని ఒకరు, చెరుకు మడికైతే బండ్ల బాట కూడా ఉందని ఇంకొకరు. పన్నెండో పేరు దగ్గర బాపురావు నోరు ఆగిపోయింది. అది వాడ మొగదల పెంకుటిల్లు. శంకరమ్మ పుట్టిల్లు, ఆమె పేరు మీదే ఉన్నది.

భోజన్న చాలాసేపు విన్నాడు. "ఈయమ్మ ఏం అంటలేదు సాబ్. పంతులు దిక్కు సూస్తున్నది."

ఇంజినీరు కాయిదా పుస్తకం తిరగేశాడు. పోయిన మాలికుల మాట రాయకూడదని అందులో ఎక్కడా లేదు. "అన్నీ రాసి, పేరు పేరుకూ వారసుల వేలిముద్ర పెట్టించి రేపు పంపు. ముద్ర లేని ఇల్లు రాజీ అయినట్టే," అని లేచాడు.

బాపురావు రాయడం ముగించి, కాగితమూ సిరా గుడ్డా చావడిలోనే వదిలి ఇంటికి పోయాడు. వారసులను పిలిచే ధైర్యం అతనికి లేదు. తెల్లవారి వచ్చి చూస్తే పదకొండు పేర్ల ఎదుట పదకొండు ముద్రలు. కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చిన్న చిన్న వేళ్లు. ప్రతి ముద్ర చుట్టూ పల్చగా పసుపు.

చావడి కింద భూమవ్వ వాకిలి ఊడుస్తున్నది. ఆమె బొటనవేలు నల్లగా ఉంది.

"భూమవ్వా! మెట్లెక్కిన్రా మీరు?"

"మీరు సూడలే, మేం ఎక్కలే పంతులూ."

"మరి బాలన్న మాట?"

"ఆయన ఏనాడు గన్ని మాటలు మాట్లాడిండు? గది నేనే చెప్పిన. వారం దినాలసంది భోజన్న కళ్లాలల్ల మా పక్కకు కూసొని, నీదేం మాట, నీదేం మాట అని అడుగుతనే ఉన్నడు. మేం చెప్తే గడీకి గుంజుకపోతరు. సచ్చినోళ్లను ఏం జేస్తరు పంతులూ? బండ ఎత్తుతరా?"

బాపురావుకు ఒక్కొక్కటే అర్థమైంది. కోడలికి కడుపునిండా పెట్టమని రెండేళ్ల కింద పోయిన అత్త భోజన్న నోట చెప్పడం, తాగి కొట్టే కొడుకును పోయిన తండ్రి సందులో నిలదీయడం, అన్నీ బతికినవాళ్ల గొంతులే. పైకి అనలేనివాళ్లకు భోజన్న ఇన్నేళ్లూ ఒక్కో దయ్యాన్ని అరువిస్తూ వచ్చాడు.

అప్పుడే భోజన్న మెట్లెక్కి వచ్చాడు. బాపురావు తలెత్తకుండా అడిగాడు.

"పన్నెండోది ఎందుకు ఖాళీ?"

"గది మాతోని గాదు. ఆ యమ్మకు వారసుడివి నువ్వొక్కనివే. ఏస్తె దొర నీ పట్వార్గిరి తీపిస్తడు. ఎయ్యకుంటె ఒక ఇల్లు రాజీ అయినట్టు. ఆడికెళ్లే కూలగొట్టుడు సురువు జేస్తరు."

"ఆమె ఏమన్నది భోజన్నా? నిజం చెప్పు."

"ఆమె మాట నాకెవ్వరు చెప్పలే పంతులూ. గందుకే నిన్న ఏం అనలే."

"మరి నా దిక్కు సూస్తున్నదంటివి?"

భోజన్న సిరా గుడ్డను అతని ముందుకు జరిపాడు.

స్టేషన్ చివరకు చెరుకు మడిలోనే పడింది. ఆర్నెల్లకు బాపురావు పట్వార్గిరి పోయింది కూడా. అవి తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం, ఊరందరి చేతా ముద్రలు వేయించి తాను మెలికల సంతకం తప్ప ఎరగని ఆ మనిషి బొటనవేలు సిరాలో ముంచాడు. కాగితం మీద నీడ పడి పేరు ఆనలేదు. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

భోజన్న అటు తిరిగి, "జెర జరుగు తల్లీ, పంతులుకు ఎలుతురు రానియ్యి" అన్నాడు.

వెలుతురు వచ్చింది.

బాపురావు కిటికీ వైపు చూడలేదు. "ముద్ర వంకర పోతే మాత్రం నన్ను అనొద్దని చెప్పు," అంటూ వేలు గట్టిగా ఆనించాడు.