నల్లబడని నాలుగు వేళ్లు

ఆ రోజుల్లో కొత్త సామాను కొత్తగానే కనిపించాలనుకునేవాళ్లం. ఇత్తడి మెరవకపోతే నామోషీ. అలాంటిది, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లు లేవడం మొదలయ్యాక, కొత్త ఇత్తడి కొని దాన్ని తాతల నాటిదానిలా నల్లగా చేసిమ్మనే మనుషులు దిగారు. (ఆ పిచ్చి ఇప్పటికీ తగ్గలేదు, నా కోపమూ తగ్గలేదు.)

అప్పుడు నేను చేవెళ్లలో ఒక ఉస్తాద్ దగ్గర తలుపుల హ్యాండిళ్లకు ఆకురాయి పట్టేవాణ్ణి. కనకమామిడిలో ఇల్లు కడుతున్న పట్నం సారు మొదటి విడత హ్యాండిళ్లతో పాటు వాటిని నల్లబరిచే మందు సీసా కూడా తెచ్చిచ్చాడు. సీసా మీద అంతా ఇంగ్లిషు. బడి మానేసి నిఘంటువుతో చదువుకున్న నేను దాన్ని కూడబలుక్కుని చదివి, నూనె మరక ఉన్నచోట మందు పట్టదని ఉస్తాద్‌కు పాఠం చెప్పాను. ఆయన ఓపికగా విని, "అయితే నువ్వే చెయ్‌రా పంతులూ. మంచిగొస్తే ఇగ రంగు పని నీదే. ఖరాబైతే మల్ల ఆకురాయే," అన్నాడు.

హ్యాండిళ్లను సబ్బుతో అద్దంలా తోమాను. నిజంగానే మొహం కనిపించింది. ఆ వయసులో మొహం కనిపిస్తే ఊరుకుంటామా? ప్రతిదాంట్లోనూ చూసుకుంటూ, కొబ్బరినూనె కారుతున్న క్రాపు సర్దుకుంటూ, అదే చేత్తో వాటిని పట్టుకుని తీగకు కట్టి అన్నీ ఒకేసారి మందులో ముంచాను. తీసి చూస్తే అంతా నల్లగా ఉంది, నేను పట్టుకున్నచోట మాత్రం నాలుగు వేళ్లూ పోలీసులకు పనికొచ్చేంత స్పష్టంగా మెరుస్తున్నాయి.

ఉస్తాద్ నా చేతిని చూసి, తల చూసి, "నీ నెత్తి సంగతి సీసా మీద రాయలేదారా?" అన్నాడు. మళ్లీ తోమేలోగా సారు వచ్చేశాడు. హ్యాండిల్ తీసుకుని ఆ మరకల మీద తన వేళ్లు ఆనించి చూసుకున్నాడు.

"వాహ్. తరాల సంది పట్టుకొని అరిగినట్టే ఉన్నది. అన్ని తలుపులకు గిట్లనే కావాలె."

ఉస్తాద్ నా కాలు తొక్కాడు. నేనాగితేనా? "అది తప్పు సార్. నూనె మరక. మల్ల జేసిస్త," అన్నాను. సారు వినలేదు, నేనూ వదల్లేదు. చివరికి నా పోరు పడలేక ఒక్కటి మాత్రం నా ఇష్టప్రకారం చేయనిచ్చాడు. చేతులు కడుక్కుని, మచ్చ లేకుండా చేశాను. రంగు పని నాకే దక్కింది. (మిగతా తలుపుల పని అయ్యేదాకా ఉస్తాద్ రోజూ పొద్దున్నే తన చేత్తో నా తలకు నూనె పెట్టాడు.)

బిగించడానికి వెళ్లినప్పుడు సారు నా వేలిముద్రల్ని సింహద్వారానికి పెట్టించాడు. మచ్చలేనిదాన్ని బాత్‌రూమ్ తలుపుకు.

ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా ముందు బాత్‌రూమ్ ఎక్కడని అడుగుతాను. పెద్దవాడైపోయాడని జాలిగా దారి చూపిస్తారు. నేను చూసేది హ్యాండిల్.