పోలమ్మ మంచె మీద ఈగ

అది 2013, మాఘమాసం. శ్రీకాకుళంలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు బతుకుతెరువు; పురుగుల ఫొటోలు పిచ్చి. ఆ పిచ్చి గురించి ఎవరో చెప్పగా ఒక సంస్థవాళ్లు ఫోన్ చేశారు. ఎండు చేపల శుభ్రత మీద పోస్టరు వేస్తున్నారట. "చేప మీద ఈగ వాలి ఉండాలి. దాని కళ్లు చూసి జనం జడుసుకోవాలి" అన్నాడు వాళ్ల మేనేజరు. నేను కళింగపట్నం వెళ్లాను.

పురుగును దాని అసలు పరిమాణంలోనో, అంతకంటే పెద్దదిగానో పట్టే లెన్సును మాక్రో లెన్స్ అంటాం. దానితో అంత దగ్గరికి వెళితే స్పష్టంగా కనిపించే లోతు గోరు మందం కూడా ఉండదు. దీన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. కన్ను స్పష్టంగా వస్తే రెక్క మసకబారుతుంది, మనం గట్టిగా ఊపిరి వదిలితే రెండూ పోతాయి. అందుకే చాలామంది పురుగును డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతారు. చలికి కొయ్యబారిపోతుంది, ఎటు తిప్పితే అటు ఉంటుంది. కొన్ని మళ్లీ లేవవు. నేనూ అలా తీసినవాణ్ణే.

సముద్రం ఒడ్డున పోలమ్మ అనే ఆవిడ నెత్తళ్లనే వేలెడంత సన్న చేపల్ని ఎండబెడుతోంది. యాభై ఏళ్లుంటాయి. మిగతావాళ్లు ఇసుకలో పరిస్తే ఆమె వెదురు మంచె కట్టి, దాని మీద పాత వల బిగించి, చేపల్ని ఉప్పునీళ్లలో జాడించి పరిచేది. అరచేత్తో ఒక్క తోపు తోస్తే వరస మొత్తం తిరగబడేది. ఒక్క చేప తల విరిగేది కాదు. ఫొటోలు తీసుకుంటానంటే "తీసుకో బాబూ, అడ్డు రాకు" అంది.

రెండు రోజులు కూర్చున్నాను. ఆమె మంచె మీద ఈగ వాలలేదు. వాలబోయినవాటిని కొంగుతో అదిలించేది. ఇసుకలో పరిచిన చేపల మీద ఈగలున్నాయి గానీ నేను మోకాళ్ల మీద వంగేలోపే లేచిపోయేవి. మూడో రోజు ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు, సీసాలో తెచ్చుకున్న బెల్లం నీళ్లు మంచె చివరి చేప మీద రెండు చుక్కలు వేశాను. కాసేపటికి పచ్చ ఈగ ఒకటి వచ్చి వాలి, తాగుతూ కదలకుండా ఉండిపోయింది. ఫ్లాషుకు పాలిథిన్ కాగితం కట్టి వెలుగును మెత్తబరిచాను. దాన్ని డిఫ్యూజర్ అంటాం. కంటిలోని గళ్లన్నీ విడివిడిగా, రెక్క ఈనెలతో సహా వచ్చాయి. అంత మంచి ఈగ ఫొటో అంతకుముందు నేను తీయలేదు.

పోలమ్మ బిందె దించి కెమెరాలోకి తొంగిచూసింది.

"ఇదేటి, ఈగ కన్నేనా? ఎంత సన్నంగా అల్లినాడో దేవుడు! ఈగని ఇన్నాళ్లూ తోలడమే గానీ సూడలేదు బాబూ."

నాకు ఒళ్లు పులకరించింది. అంతలో ఆమె చూపు చివరి చేప మీద పడింది. వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంది.

"బెల్లమా?"

సీసా తీసి చూపించాను.

"అది దానంతటది వొచ్చిందేటి? నువ్వు పిలిస్తే వొచ్చినాది. ఈ బొమ్మ గోడకేస్తే సూసినోళ్లు ఏటనుకుంతారు? పోలమ్మ సేపల మీద ఈగలున్నాయనుకుంతారు. రేపు సంతలో నా గంపకాడ ఎవులు ఆగుతారు?"

గొంతు పెంచలేదు. ఆ చేపను తీసి కాకికి విసిరింది. "ఉంచుకుంతావో, తీసేత్తావో నీ ఇష్టం" అని పనిలో పడింది.

కెమెరాలో ఫొటోను చెరిపే మీట మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. తరవాత చెరిపేశాను. ఆ సంగతి ఆమెకు చెబితే, "ఈగలే గావాలంటే రేపు తెల్లారగట్ల రా, సూపిస్తాను" అంది.

మర్నాడు చేపల పేగులు పారేసే గుంత దగ్గరికి తీసుకెళ్లింది. పక్కన తాటాకుల దడి మీద, తొలి ఎండ పడేవైపు ఈగలు బారుగా కూర్చున్నాయి.

"ఇప్పుడు సలికి బిగుసుకుపోయుంతాయి. అయినా నీ నీడ మీద పడిందంటే ఎగిరిపోతాయి. ఎండకి అడ్డం రాకుండా అటుపక్క నించి, పాకుతా రా."

ఇన్నేళ్లు పుస్తకాల్లో చదివి నేను నేర్చుకున్నది ఆమె చేపలు కాపలా కాస్తూ నేర్చుకుంది. పొట్ట మీద పాకాను. ఎండెక్కి ఈగలు గుంతలోకి దిగేదాకా వాటితోపాటే జరిగాను. ఫ్రిజ్ అక్కర్లేదు, బెల్లం అక్కర్లేదు. పేగుల మీద వాలిన ఈగను తీశాను. తరవాత మంచె మీద నెత్తళ్లు తిప్పుతున్న పోలమ్మ చేతుల్ని తీశాను.

మేనేజరు ఫోనులో విసుక్కున్నాడు. "చేప మీద కావాలన్నాం కదండీ. ఈగ ఈగే, ఎక్కడ వాలితే ఏముంది?"

"ఈగ ఏదైనా ఒకటేనండి. చేప మాత్రం పోలమ్మది" అని జరిగింది చెప్పాను. పని పోయిందనే అనుకున్నాను. వారం తరవాత ఆయనే ఫోన్ చేసి, ఈగలు చేరే గుంత ఒకవైపు, చేపలు ఎండాల్సిన మంచె ఒకవైపు వేస్తామన్నాడు. పోస్టరు పట్టుకెళ్లి ఇస్తే పోలమ్మ తన చేతుల్ని తేరిపారా చూసుకుని, "నా గాజు పగులు కూడా అగుపడతన్నాదే!" అని నవ్వింది.

అప్పటినుంచి పురుగును ఫ్రిజ్‌లో పెట్టలేదు. ప్రతి ఫొటో కింద అది ఎక్కడ, ఎలా దొరికిందో రాస్తున్నాను. పురుగును పిలిచి తీస్తే పిలిచానని రాస్తాను. చూసేవాళ్లు ఫొటోను నమ్మేది అక్కడ మనం ఉన్నాం, వాళ్లు లేరు కాబట్టే. ఆ నమ్మకం ఎంత బరువైందో నాకు తెలియజెప్పింది పోలమ్మ. గుంత దగ్గర తీసిన ఈగకు ఎడమ రెక్క కాస్త మసక. స్టూడియోలో నా కుర్చీ వెనక గోడకు దాన్నే ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను.